బ్యాంకు మునాఫాలో మన కర్జె హసనా

నవంబర్ 4న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా తన మూడు నెలల హిసాబ్ బయటపెట్టింది. 2025 జూలై నుంచి సెప్టెంబర్ దాకా నికర మునాఫా 20,160 కోట్ల రూపాయలు. అంతకు ముందు ఏడాది ఇవే మూడు నెలల మీద పది శాతం ఎక్కువ. జమా అయిన డిపాజిట్లు, బయటికిచ్చిన కర్జాలు కలిపితే మొత్తం కారోబార్ వంద లక్షల కోట్లు దాటింది. మొండి బాకీలు నూటికి 1.73కి దిగాయి. ముందు ముందు కర్జాలు ఇంకా బాగా పెరుగుతాయని బ్యాంకు పెద్దల ఉమ్మీద్. 29 దేశాల్లో ఆఫీసులున్న ఈ బ్యాంకుకు ఇప్పుడు చైర్మన్ చల్లా శ్రీనివాసులు శెట్టి. మన గద్వాల వైపు మనిషే. వ్యవసాయ డిగ్రీ చదివి, 1988లో ప్రొబేషనరీ ఆఫీసర్‌గా చేరి, అక్కడిదాకా పోయారు. తెలుగువాళ్లం ఆ సంగతి సంతోషంగానే చెప్పుకోవచ్చు.

పటాన్‌చెరులో, ఇస్నాపూర్‌లో, బొల్లారంలో ఈ ఖబర్ గురించి నేను అడిగిన ప్రతి ఒక్కరూ ఒకటే జవాబ్ ఇచ్చారు. "సూద్ కారోబార్ భాయీ, దాని మునాఫాతో మనకేం పని?" దీన్ తెలిసిన పెద్దమనిషి నుంచి ఫోర్క్‌లిఫ్ట్ నడిపే కుర్రాడి దాకా అదే మాట. ఇంకోవైపు టీవీల్లో కూచునేవాళ్ల మాట వేరు. ప్రభుత్వ బ్యాంకు రికార్డు లాభం చేసింది, దేశానికి ఫఖర్, చప్పట్లు కొట్టండి అంటారు. ఈ ఇద్దరితోనూ నాకు ఎతరాజ్ ఉంది. ఎక్కువ ఎతరాజ్ మాత్రం మనవాళ్లతోనే, ఎందుకంటే పోతున్నది మన పైసా.

మన ఇళ్లల్లో అమ్మీలు, ఖాలాలు అనే మాట ఒకటుంది: "పైసలు బ్యాంకుల అమానత్ పెట్టినం." అమానత్ అంటే ఏమిటి? పక్కింటి ఖాలా హజ్‌కు పోతూ తన నగలు మీ దగ్గర పెట్టిపోతే వాటిని తాకకూడదు. మీరు వాటిని కుదువబెట్టి వ్యాపారం చేస్తే, తిరిగొచ్చాక పూర్తిగా ఇచ్చేసినా సరే, అది ఖయానత్. మరి బ్యాంకు మీ పైసలను సందూక్‌లో పెట్టి తాళం వేస్తుందా? పొద్దున మీరు జమా చేసిన రఖం సాయంత్రానికి ఎవరి కారు లోన్‌గానో, ఏ సిమెంటు కంపెనీ కర్జాగానో మారిపోతుంది. మీ ఇజాజత్‌తోనే మారుతుంది. అంటే మీరు ఇచ్చింది అమానత్ కాదు, కర్జ్. చట్టం కూడా ఇదే అంటుంది. ఖాతాదారు అప్పిచ్చినవాడు, బ్యాంకు అప్పు తీసుకున్నవాడు. చాలామంది ఉలమా కూడా బ్యాంకు జమాను కర్జ్ కిందే లెక్కిస్తారు.

ఇంత సీదా మాట మనకు ఎందుకు కనబడదో నాకు అర్థం కాదు. అప్పిచ్చినవాడు లైన్లో నిలబడి, టోకెన్ పట్టుకుని, అప్పు తీసుకున్నవాడిని "సార్, సార్" అని బతిమాలే దృశ్యం బ్యాంకు బ్రాంచిలో తప్ప దునియాలో ఇంకెక్కడా కనబడదు.

దీని తర్వాతి మెట్టు ఇంకా చేదుగా ఉంటుంది. మనలో దీన్‌దారీ ఉన్న కుటుంబాలు సేవింగ్స్ ఖాతాలో పడే సూద్ ముట్టుకోరు. కొందరు దాన్ని అలాగే ఖాతాలో వదిలేస్తారు. కొందరు సూద్ పడని కరెంట్ ఖాతా అడిగి తీసుకుంటారు. సూద్ ఆశించకుండా ఇచ్చే అప్పుకు మన దగ్గర పేరుంది కదా, కర్జె హసనా. గరీబ్‌కు, ఆపదలో ఉన్నవాడికి, పెళ్లి ముందర పెట్టుకున్న ఆడపిల్ల తండ్రికి ఇవ్వాల్సిన ఆ కర్జె హసనా మనం దేశంలోకెల్లా పెద్ద బ్యాంకుకు ఇస్తున్నాం. బ్యాంకు కాగితాల్లో దీనికి 'కాసా' అని పేరు. కరెంట్, సేవింగ్స్ ఖాతాల్లో చవగ్గా దొరికే పైసా అని అర్థం. స్టేట్ బ్యాంకుకు దేశంలో ఉన్న డిపాజిట్లలో దాదాపు 40 శాతం ఇదే. ప్రతి మూడు నెలల ఫలితాల్లోనూ ఈ అంకె ముందు వరసలో ఉంటుంది. షేర్లు కొనేవాళ్లు దీన్ని చూసే ఖుష్ అవుతారు.

హిసాబ్ వేసి చూడండి. పాశమైలారంలో పన్నెండు గంటల డ్యూటీ చేసే మనిషి ఖాతాలో ఏడాది పొడుగునా సగటున 20,000 ఉందనుకోండి. 2025 జూన్ నుంచి స్టేట్ బ్యాంకు సేవింగ్స్ ఖాతాకు ఇచ్చేది రెండున్నర శాతం. అంటే ఏడాదికి 500. అతను అది కూడా తీసుకోడు. అదే 20,000 తొమ్మిది శాతానికి బయటికి పోతే బ్యాంకుకు వచ్చేది 1,800. అందులోంచి సిబ్బంది తన్‌ఖాలు, బ్రాంచి కిరాయి, రిజర్వ్ బ్యాంకు దగ్గర ఉంచాల్సిన వాటా తీసేయాలి, ఒప్పుకుంటాను. అన్నీ తీసేశాక మిగిలేదాన్నే మునాఫా అంటారు. 20,160 కోట్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు.

రిజర్వ్ బ్యాంకు 2025లో రెపో రేటు ఫిబ్రవరిలో, ఏప్రిల్‌లో, జూన్‌లో తగ్గిస్తూ వచ్చింది. కర్జాల మీద వచ్చే ఆమ్దనీ తగ్గుతుందని బ్యాంకులకు ఫికర్ పట్టుకుంది. వెంటనే ఏం చేశాయి? సేవింగ్స్ రేటు కోసేశాయి. ఫలితాల రోజున 'ఔట్‌లుక్' అని ఇంగ్లీషులో చెప్పే దానిలో సగం అర్థం ఇదే: వచ్చే మూడు నెలల్లో ఎవరి జేబు కోసి మార్జిన్ కాపాడుకుంటాం అని.

ఇక 2017 సంగతి. ఈ ఫలితాల పక్కన వాటికి ఎనిమిదేళ్ల ముందటి ఇవే మూడు నెలల ఫలితాలు పెట్టి చూడమని నా దర్ఖాస్తు. 2017 జూలై–సెప్టెంబర్‌లో స్టేట్ బ్యాంకు నికర మునాఫా దాదాపు 1,582 కోట్లు. అదే ఏడాది ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా ఖాతాలో కనీస నిల్వ లేదని ఖాతాదారుల దగ్గర వసూలు చేసిన జుర్మానా 1,771 కోట్లు. ఎనిమిది నెలల జుర్మానాను మూడు నెలల మునాఫాతో పోల్చడం పూర్తి బరాబర్ పోలిక కాదు, నాకు తెలుసు. అయినా ఆ రెండు అంకెలు పక్కపక్కన నిలబడగలిగాయంటేనే సంగతి ఎంత దూరం పోయిందో తెలుస్తుంది. ఆ తర్వాతి రెండు త్రైమాసికాల్లో బ్యాంకు నష్టాలే చూసింది. 2018 మార్చి నాటికి మొండి బాకీలు నూటికి 10.91. ఆ బాకీలు ఎవరివి? ఇస్నాపూర్ కిరానా దుకాణందారువా? స్టీలు, కరెంటు, రోడ్ల కంపెనీలకిచ్చిన వేల కోట్లు మునిగి, ఆ గుంత కనబడుతున్న రోజుల్లోనే ఖాతాలో మూడు వేలు లేని మనిషి జేబులో చెయ్యి పెట్టారు.

జుర్మానా కట్టిన తీరు చూస్తే ఇంకా మండుతుంది. మెట్రో శాఖల్లో మొదట 5,000 ఉండాలన్నారు. లోటు సగంలోపైతే 50, ముప్పావు దాటితే 100, పైన టాక్స్. ఎంత ఎక్కువ గరీబ్ అయితే అంత ఎక్కువ దండుగ! అల్లరి లేచాక అక్టోబర్‌లో 3,000కు దించారు, 2018 ఏప్రిల్‌లో జుర్మానా తగ్గించారు, చివరికి 2020 మార్చిలో ఎత్తేశారు. అల్లరి లేవకపోతే ఎత్తేవాళ్లా?

మన తెలంగాణవాళ్లకు ఇందులో ఒక వేరే నొప్పి కూడా ఉంది. ఆ జుర్మానా మొదలైన తారీఖు 2017 ఏప్రిల్ 1. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసిపోయిన తారీఖూ అదే. నిజాం జమానాలో 1941 చట్టంతో హైదరాబాద్ స్టేట్ బ్యాంకుగా పుట్టి, ఉస్మానియా సిక్కా హిసాబ్ చూసుకున్న బ్యాంకు అది. గన్‌ఫౌండ్రీలో దాని పెద్దాఫీసు. మా పెద్దవాళ్లకు బ్యాంకు అంటే ఎస్‌బీహెచ్. నేను నిజాం పేరు చెప్పి కన్నీళ్లు కార్చే రకం కాదు. ఆ బ్యాంకు కూడా గరీబ్‌కు తలుపులు బార్లా తెరిచిందని చెప్పను. కానీ ఒక ప్రాంతం బ్యాంకును కలిపేసుకున్న రోజే, దాని ఖాతాదారులకు కొత్త యజమాని ఇచ్చిన మొదటి తోఫా జుర్మానా. ఇది తారీఖ్‌లో ఉండిపోతుంది.

"ఎస్‌బీఐ ఎత్తేసింది కదా, పాత కథ ఎందుకు?" అని సవాల్ వస్తుంది. ఎందుకంటే మన బెల్టులో కథ పాతబడలేదు. 2019–20 నుంచి అయిదేళ్లలో ప్రభుత్వ బ్యాంకులు కనీస నిల్వ పేరుతో వసూలు చేసింది దాదాపు 8,500 కోట్లని కేంద్రమే పార్లమెంటులో చెప్పింది. కెనరా, పంజాబ్ నేషనల్, బ్యాంక్ ఆఫ్ బరోడా లాంటివి 2025 నడుమ వచ్చేసరికి గానీ వదల్లేదు. ప్రైవేటు బ్యాంకులు వదలనే లేదు. ఐసీఐసీఐ 2025 ఆగస్టులో మెట్రోల్లో కొత్త ఖాతాలకు కనీస నిల్వ 50,000 అని ప్రకటించి, జనం తిట్టాక రెండు వారాలు కాకముందే 15,000కు దిగింది.

పాశమైలారంలోనో, బొల్లారంలోనో కాంట్రాక్టు కింద పనిచేసే మజ్దూర్‌కు ఎన్ని ఖాతాలుంటాయో ఎప్పుడైనా అడిగారా? కాంట్రాక్టర్ మారినప్పుడల్లా కొత్త ఖాతా. ప్రతి కాంట్రాక్టర్‌కు తన బ్యాంకు ఉంటుంది, తన్‌ఖా అక్కడే పడాలంటాడు. పాత ఖాతాలో తన్‌ఖా పడడం ఆగిపోతే అది కొన్ని నెలలకు మామూలు సేవింగ్స్ ఖాతాగా మారుతుంది, కనీస నిల్వ షరతు అంటుకుంటుంది. మా గల్లీలో ఒక కుర్రాడికి నాలుగు పాస్‌బుక్కులున్నాయి. ఒక ప్రైవేటు బ్యాంకులో ఖాతా నిల్వ సున్నా, ఇంకా ఇంత బాకీ అని మెసేజ్ వచ్చేది. రెండేళ్ల తర్వాత ఎవరో దోస్త్ పొరపాటున ఆ పాత నంబరుకే 4,000 పంపితే అందులోంచి పాత జుర్మానా కోసుకున్నారు. జుర్మానా వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదని రిజర్వ్ బ్యాంకు 2014లోనే రాసిందని నేను కాగితం చూపిస్తే, కౌంటర్‌లో అమ్మాయి అది సిస్టమ్‌లో అలాగే వస్తుంది సార్ అంది. ఆమెను ఏమనగలం? ఆమె కూడా కాంట్రాక్టు మీదే ఉంది.

మిగతా మూడు ఖాతాల్లో ఎంతో కొంత ఉండిపోయింది. ఇలాంటి చిల్లర మరచిపోతే ఎక్కడికి పోతుంది? పదేళ్లు ఎవరూ ముట్టని ఖాతాల రఖం బ్యాంకులు రిజర్వ్ బ్యాంకు నిధికి పంపాలి. 2023 ఫిబ్రవరి నాటికి ప్రభుత్వ బ్యాంకులు అలా పంపింది 35,012 కోట్లు, ఖాతాలు 10 కోట్ల 24 లక్షలు. అన్నిటికంటే ఎక్కువ స్టేట్ బ్యాంకు నుంచే, 8,086 కోట్లు. ఖాతాల సంఖ్యతో భాగిస్తే సగటున ఒక్కో ఖాతాకు 3,400. అది ధనవంతులు మరచిన పైసా కాదని ఆ సగటే చెప్తుంది. ఊరొదిలి వచ్చిన మజ్దూర్‌లది, నామినీ పేరు రాయని అబ్బాలది, పాస్‌బుక్కు ఎక్కడుందో చెప్పకుండా ఇంతెఖాల్ అయిపోయిన దాదీలది.

ఇక పెద్దవాళ్లకు ఏం జరుగుతుందో కూడా చూద్దాం. 2020 మార్చిలో యెస్ బ్యాంకు మునిగింది. ఖాతాదారులు 50,000కు మించి తీసుకోవద్దని పాబందీ పెట్టారు. స్టేట్ బ్యాంకు ఆరు వేల కోట్లకు పైగా పెట్టి దాన్ని నిలబెట్టింది. ఆ వాటాలో పెద్ద భాగం 2025లో జపాన్ బ్యాంకుకు అమ్మితే వచ్చిన లాభమే ఈ 20,160 కోట్లలో దాదాపు నాలుగున్నర వేల కోట్లు. మంచి సౌదానే. ఖాతాదారుల పైసా కాపాడారు, నేను తప్పు పట్టను. పదేళ్లలో బ్యాంకులు పుస్తకాల్లోంచి కొట్టేసిన బాకీలు 16 లక్షల 35 వేల కోట్లని కూడా పార్లమెంటులోనే చెప్పారు. కొట్టేయడం అంటే మాఫీ కాదు, వసూలు కొనసాగుతుందని బ్యాంకువాళ్లు అంటారు, అదీ విన్నాను. నేను అడిగేది ఒక్కటే. పెద్ద బాకీదారుకు ఇంత సబర్ చూపే నిజాం, ఖాతాలో మూడు వేలు లేనివాడికి ముప్పై రోజులు ఎందుకు చూపలేదు?

ఇప్పుడు మన పెద్దమనుషుల జవాబ్ దగ్గరికి వస్తాను. సూద్ కారోబార్, మనకేం పని? సరే. కానీ ఆ మాట అన్న ఇంట్లోనే మెడలో లచ్ఛా గిర్వీ దుకాణంలో ఉంటుంది. నూటికి మూడు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 36 శాతం. అంగడి దగ్గర డైలీ ఫైనాన్స్ వాడికి నూటికి అయిదు. మైక్రోఫైనాన్స్ మేడమ్ వారం వారం వచ్చి ఆడవాళ్లను వరసగా కూచోబెట్టి కిస్తీ వసూలు చేసుకుపోతుంది. సూద్ తీసుకోవడం మనా అయితే ఇవ్వడమూ మనాయే కదా? రెండున్నర శాతం తీసుకోకుండా చెయ్యి వెనక్కి లాక్కుని, 36 శాతం ఇవ్వడానికి చెయ్యి చాపుతున్నాం. దీన్ని తక్వా అనడానికి నాకు నోరు రాదు. మజ్బూరీ అనండి, ఒప్పుకుంటాను.

ఆ మజ్బూరీ ఎందుకొచ్చిందో సచర్ కమిటీ 2006లోనే రాసింది. బ్యాంకుల ప్రాధాన్య రంగం కర్జాల్లో మన వాటా అయిదు శాతం కూడా లేదు. కొన్ని ఇలాఖాలను 'నెగెటివ్ జోన్' అని గుర్తు పెట్టుకుని బ్యాంకులు అక్కడ కర్జాలు ఇవ్వడానికి వెనకాడతాయని కూడా అదే రిపోర్టు చెప్పింది. అంటే జమా తీసుకోవడానికి మన మొహల్లా పాజిటివ్, కర్జా ఇవ్వడానికి నెగెటివ్.

సూద్ లేని కిటికీ ఒకటి తెరవండి అని అడగడం కొత్తేమీ కాదు. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్‌కు సిఫారిష్ చేసింది. 2015లో రిజర్వ్ బ్యాంకు సొంత కమిటీ, దీపక్ మొహంతీది, మామూలు బ్యాంకుల్లోనే ఆ కిటికీ పెట్టమంది. 2017లో రిజర్వ్ బ్యాంకు ఆ ప్రతిపాదన ముందుకు తీసుకుపోమని తేల్చేసింది. అందరికీ బ్యాంకింగ్ సౌకర్యాలు సమానంగా అందుబాటులో ఉన్నాయన్నది దాని జవాబ్. సమానంగా! స్టేట్ బ్యాంకు మ్యూచువల్ ఫండ్ విభాగం 2014 డిసెంబర్‌లో షరియా ఈక్విటీ ఫండ్ తెస్తామని తారీఖు కూడా చెప్పి, ఆఖరి నిమిషంలో ఆపేసింది. మన సూద్ లేని పైసా తీసుకోవడానికి ఎవరికీ ఎతరాజ్ లేదు. మనకు సూద్ లేకుండా ఇవ్వమంటేనే కానూన్ గుర్తొస్తుంది.

అలాగని ఆకుపచ్చ బోర్డు కనబడితే చాలు పరిగెత్తేవాళ్లకూ ఒక మాట. హెచ్‌ఎస్‌బీసీ 'అమానా' పేరుతో ఇస్లామీ విభాగం పెట్టి, 2012లో బ్రిటన్, యూఏఈ, బహ్రెయిన్, బంగ్లాదేశ్ లాంటి చోట్ల దాన్ని మూసుకుని, లాభం బాగున్న మలేషియా, సౌదీ వైపే ఉండిపోయింది. గ్లోబల్ బ్యాంకు దీన్ చూసి రాదు, త్రైమాసిక ఫలితం చూసి వస్తుంది, అదే చూసి పోతుంది. ఇక మన హైదరాబాద్‌లోనే హలాల్ మునాఫా పేరు చెప్పి డిపాజిట్లు సేకరించిన హీరా గ్రూప్ అధినేత్రి నౌహెరా షేక్‌ను 2018లో అరెస్టు చేశారు. కేసులు కోర్టుల్లో నలుగుతున్నాయి. రఖం పెట్టినవాళ్లలో మన విధవరాళ్లు, సౌదీ నుంచి తిరిగొచ్చిన డ్రైవర్లు ఎంతమందో మీకు తెలుసు. బ్యాంకు హిసాబ్ అడగడం రానివాళ్లను ఎవడైనా 'హలాల్' అన్న ఒక్క లఫ్జ్‌తో దోచుకోవచ్చు. స్టేట్ బ్యాంకు కనీసం మూడు నెలలకోసారి తన హిసాబ్ అందరి ముందు పెడుతుంది, దాన్ని చదివే హక్ మనకుంది.

కాబట్టి ఖాతాలు మూసేసి పైసలు బియ్యం డబ్బాలో పెట్టుకోమని నేను చెప్పడం లేదు. ఖాతాలో పడిన సూద్ బ్యాంకుకు వదిలేయకండి. దాన్ని తీసి, సవాబ్ నియ్యత్ లేకుండా గరీబ్‌లకు ఇచ్చేయమని చాలామంది ముఫ్తీ సాబ్‌లు చెప్తారు. మీ మస్జిద్ ముఫ్తీ సాబ్‌ను అడిగి తేల్చుకోండి. కనీస నిల్వ అక్కర్లేని బేసిక్ సేవింగ్స్ ఖాతా ప్రతి బ్యాంకులోనూ ఇవ్వాల్సిందే, రిజర్వ్ బ్యాంకు నియమం అది. కౌంటర్‌లో ఆ పేరుతోనే అడగండి. లేదంటే రాతపూర్వకంగా ఇవ్వమనండి. వాడని ఖాతాలకు దర్ఖాస్తు ఇచ్చి మూయించండి. నామినీ పేరు ఉందో లేదో ఈ వారమే చూసుకోండి, ముఖ్యంగా పెద్దవాళ్లవి. పదేళ్లుగా మరచిన రఖం రిజర్వ్ బ్యాంకు 'ఉద్గమ్' పోర్టల్‌లో పేరు కొట్టి వెతకొచ్చు. ఇక పదిమంది కలిసి సహకార సొసైటీ పెట్టుకునే దారి 1995 చట్టం నుంచీ ఉంది. హైదరాబాద్‌లో తూర్ బైతుల్‌మాల్ లాంటివి సూద్ లేని కర్జాలు ఇస్తూనే ఉన్నాయి. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఇన్ని ఫ్యాక్టరీల మజ్దూర్‌లున్న చోట అలాంటిది ప్రతి మస్జిద్ పక్కనా ఎందుకు లేదు? ఈ సవాల్ బ్యాంకుకు కాదు, మన కమిటీలకు.

స్టేట్ బ్యాంకు తర్వాతి ఫలితాలు మళ్లీ వస్తాయి. ఈసారి మునాఫా అంకె దగ్గరే ఆగకండి. కాసా ఎంత, ఫీజుల ఆమ్దనీ ఎంత, మొండి బాకీల్లో ఎంత పుస్తకాల్లోంచి కొట్టేశారు, ఈ మూడూ చూడండి. జుమా నమాజ్ తర్వాత ఇస్నాపూర్‌లో నేను ఓ అరగంట కూచుంటాను. పాస్‌బుక్కులు, పాత మెసేజ్‌లు ఉన్న ఫోన్లు తెచ్చుకోండి. నాలుగు ఖాతాలున్న కుర్రాళ్లు నాలుగూ తెచ్చుకోండి. ఆడవాళ్లవి కూడా తెండి, వాళ్లను ఇంట్లోనే ఉంచి పాస్‌బుక్కు మాత్రం తెస్తే దస్తఖత్ ఎవరు పెడతారు, వాళ్లనే రమ్మనండి.